వీధి కుక్క మంగ కడుపుతో ఉంది, రోజులు దగ్గరపడ్డట్టున్నాయి: ఏం సిద్ధం చేసుకోవాలి?

నీలిగోరింట (కాకినాడ), నవంబరు 9, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. మంగ మా వీధిలో మూడేళ్లుగా ఉంటున్న కుక్క. రోజూ రెండు పూటలా అన్నం పెడుతున్నాం గానీ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. ఈ వారం వానలకు మా మెట్ల కింద చేరింది. పొట్ట బాగా కిందికి జారింది, చన్నులు ఉబ్బి వాటి చుట్టూ వెంట్రుకలు రాలిపోయాయి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు లోపల పిల్లలు కదలడం చర్మం మీద కనిపిస్తోంది. ఎప్పుడు జత కట్టిందో ఎవరికీ తెలియదు.

నేను కుక్క పురుడు ఒక్కటీ చూడలేదు. ఎప్పుడు ఈనుతుందో ముందుగా ఎలా తెలుస్తుంది? ఎక్కడ పడుకోబెట్టాలి? మందుల షాపులో కాల్షియం సిరప్ ఇచ్చి రోజూ రెండు చెంచాలు పట్టించమన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. దయచేసి చెప్పండి.

తెల్లబొచ్చు (విజయవాడ), 6:41

సిరప్ మూత తీయకండి. దయచేసి పశువైద్యుడు చెప్పేదాకా ఆగండి. నా అనుభవం రాత్రికి వివరంగా రాస్తాను.

కొబ్బరితోట (అమలాపురం), 7:05

అమ్మా, తేదీ తెలియకపోయినా కంగారు పడకండి. మా ఇంట్లో గేదెలూ కుక్కలూ ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి. ఈనబోయే ముందు కుక్క నేల గీరుతుంది, మూలలు వెతుకుతుంది, ముద్ద పెడితే వాసన చూసి వదిలేస్తుంది. అది మొదలైందంటే ఇక ఆ రాత్రో మర్నాడో. ఇప్పుడు మాత్రం కడుపునిండా పెట్టండి. కడుపులో చోటు తక్కువ కాబట్టి ఒకేసారి కాకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 8:30

నేను విశ్రాంత పశువైద్యుణ్ని. నీలిగోరింట గారూ, మీరు ముందుగా అడగడం మంచిదైంది. చాలామంది పిల్ల అడ్డం తిరిగాక ఫోను చేస్తారు.

కుక్క గర్భం సుమారు 63 రోజులు. జత కట్టిన తేదీ తెలిసినా 58 నుంచి 68 రోజుల మధ్య ఎప్పుడైనా కావచ్చు. ఎదలో ఉన్న కుక్క కొన్ని రోజులపాటు మగకుక్కను రానిస్తుంది, అండం విడుదలయ్యే రోజు వేరుగా ఉంటుంది. కాబట్టి తేదీ లేనందుకు మీరు పెద్దగా నష్టపోయింది లేదు. మీకు రెండు దారులున్నాయి.

ఒకటి ఎక్స్‌రే. 55 రోజులు దాటిన గర్భంలో పుర్రెలూ వెన్నుపూసలూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లల పళ్ల నీడ కూడా కనిపిస్తే గడువు దగ్గరికి వచ్చినట్టే. ఒక్కసారి తీసే ఎక్స్‌రే వల్ల ఆ దశలో పిల్లలకు హాని జరగదు. ఎన్ని పిల్లలో తెలియకపోతే, ఈనడం ముగిసిందా, లోపల ఒకటి మిగిలిందా అని ఆ రాత్రి ఎవరూ చెప్పలేరు. ఖర్చు తగ్గించుకోవాలని చాలామంది వదిలేసేది దీన్నే. నేనైతే మిగతా అన్నీ వదిలి దీనికి డబ్బు పెడతాను.

రెండోది థర్మామీటరు. మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. కొసకు వాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి రోజుకు మూడుసార్లు, ప్రతిరోజూ అవే వేళల్లో చూసి కాగితం మీద రాయండి. మామూలు కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. నెలలు నిండిన కుక్కకు కొద్దిగా తక్కువ. ఈనడానికి 12 నుంచి 24 గంటల ముందు 99 కంటే కిందికి పడిపోతుంది. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఒక్కసారిగా తగ్గడం వల్ల అలా జరుగుతుంది. మంగ వీధి కుక్క కాబట్టి అది ఒప్పుకుంటేనే చెయ్యండి. బలవంతం వద్దు. కరిస్తే వెంటనే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.

రేగుపండు (అనంతపురం), 9:02

డాక్టర్ గారూ, ఒక సందేహం. కడుపులో పిల్లల ఎముకలు పెరగాలి, తర్వాత పాలు పడాలి. మరి కాల్షియం సిరప్ ఇవ్వొద్దని తెల్లబొచ్చు గారు ఎందుకంటున్నారు? మా ఇంట్లో ఆడవాళ్లకు డాక్టరే రాసి ఇస్తారు కదా.

తెల్లబొచ్చు (విజయవాడ), 10:15

రేగుపండు గారూ, నేను సరిగ్గా మీలాగే అనుకున్నాను. మా పొమరేనియన్‌కు ఆఖరి నెలంతా కాల్షియం పట్టించాను. నాలుగు పిల్లలు, పురుడు చక్కగా అయింది. మూడో వారంలో ఒక సాయంత్రం రొప్పడం మొదలుపెట్టింది. పిల్లల దగ్గర కుదురుగా పడుకోలేదు. గంటలో కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి, నడిస్తే తూలింది. తర్వాత ఒళ్లంతా వణుకు, కాలిపోయే జ్వరం. వెళ్లిన మొదటి చోట జ్వరం సూది వేసి పంపించారు. ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. రెండో ఆసుపత్రిలో డాక్టరు గుండె మీద స్టెతస్కోపు ఉంచి నరంలోకి కాల్షియం చుక్క చుక్కగా ఎక్కించారు. పావుగంటలో లేచి కూర్చుంది. కళ్లారా చూసినా నమ్మలేకపోయాను.

ఆ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: గర్భంతో ఉన్నప్పుడు కాల్షియం ఇచ్చారా? అప్పటినుంచి ఎవరు అడిగినా ఈ కథ చెబుతూనే ఉన్నాను.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 10:48

తెల్లబొచ్చు గారు చెప్పింది అక్షరాలా నిజం. మెడలో పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులున్నాయి. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీసి రక్తానికి అందించేది వాటి హార్మోనే. మనం రోజూ బయటినుంచి పోస్తుంటే వాటికి పని తప్పుతుంది. పాలు పడగానే కాల్షియం ఒక్కసారిగా కావాల్సి వస్తుంది, అప్పుడు అవి వెంటనే అందుకోలేవు. చిన్న జాతి కుక్కల్లో, ఎక్కువ పిల్లలున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఈనిన తర్వాత తొలి నాలుగు వారాలూ కనిపెట్టి ఉండాలి.

గర్భంలో కావలసింది మంచి తిండి. ఆఖరి మూడు వారాలు కుక్కపిల్లలకు పెట్టే దాణా తల్లికి పెడితే కాల్షియం, మాంసకృత్తులు తగినంత అందుతాయి. అది కుదరకపోతే అన్నంలో ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసేసిన కోడిమాంసం కలపండి. పెరుగన్నం ఒక్కటే పెడితే చాలదు.

కొబ్బరితోట (అమలాపురం), 11:10

డాక్టరు గారూ, గేదెల పాల జ్వరం కూడా ఇదే కదండీ. ఈనే ముందు రోజుల్లో కాల్షియం ఎక్కువ పెట్టొద్దని మా పశువుల డాక్టరు చెప్పినప్పుడు నాకు విడ్డూరంగా అనిపించింది. కారణం ఈరోజు అర్థమైంది.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 11:14

అదేనండి. ఒక తేడా ఉంది. గేదె చల్లబడి కూలబడుతుంది, కుక్క మాత్రం బిగుసుకుపోయి కాలిపోతుంది. మూలం ఒకటే.

నీలిగోరింట (కాకినాడ), నవంబరు 11, రాత్రి 8:05

సిరప్ షాపులో తిరిగి ఇచ్చేశాను. ఈరోజు మంగను ఆటోలో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. బిస్కెట్లు పెడుతూ తీసుకెళ్లాను, మూతికి గుడ్డ కట్టనిచ్చింది. ఆరు తలలు లెక్క తేలాయి! వారం లోపలే ఉండవచ్చన్నారు. థర్మామీటరు మొదటిరోజు పెట్టనివ్వలేదు, ఇప్పుడు అన్నం తింటున్నప్పుడు పెడితే ఊరుకుంటోంది. ఈ సాయంత్రం 100.6.

కష్టమంతా పడక విషయంలో. వంటింటి పక్క గదిలో పెద్ద అట్టపెట్టె పెట్టి పాత నూలు చీరలు పరిచాను. ఎంత పిలిచినా అందులోకి రాదు. వర్షంలో తడుస్తూ నీళ్ల ట్యాంకు కింద మట్టి తవ్వుతోంది. అక్కడ రాత్రి నీళ్లు నిలుస్తాయి. తాడుతో కట్టి గదిలో ఉంచమని మావారు అంటున్నారు.

సముద్రఘోష (విశాఖపట్నం), 8:22

కట్టకండి. ఆరేళ్లుగా వీధి కుక్కల బాగోగులు చూసుకుంటున్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఒక తల్లిని గదిలో పెట్టి తలుపు వేశాను. భయంతో నొప్పులు ఆగిపోయాయి. తలుపు తీసిన అరగంటకు గోడ పక్కకు వెళ్లి ఈనింది. వీధిలో బతికిన కుక్క తనకు ఏ చోటు క్షేమమో మూడేళ్లుగా లెక్కలు వేసుకుంటూనే ఉంది. మనం గది బాగుందని అనుకుంటే దానికి అలా అనిపించాలని లేదు.

అది రాత్రి ఎక్కడ నిద్రపోతోంది? మెట్ల కింద అన్నారు కదా. పెట్టెను అక్కడికే తీసుకెళ్లండి. ఒక వైపు గోడ, ఇంకో వైపు అడ్డంగా చెక్క, పైన టార్పాలిన్. లోపల చీకటిగా ఉండాలి, దానికి గేటు కనిపించాలి. అడుగున ఇటుకలు పేర్చి చెక్క వేస్తే తడి రాదు. తవ్వడానికి పాత గోనెసంచులు, చింపడానికి వార్తాపత్రికలు ఇవ్వండి. ట్యాంకు కింద గుంటలో నాలుగు రాళ్లు వేసి మూసేయండి.

ఓరుగల్లు_వాన (హనుమకొండ), 8:50

అక్కా, చీరల గురించి ఒక మాట. పరిచిన చీర మడతలో పిల్ల దూరి తల్లి కింద నలిగిపోవడం నేను చూశాను. అంచు దారం కాలికి చుట్టుకున్నదీ చూశాను. గుడ్డను బిగుతుగా లాగి అంచులు చెక్క కిందికి దోపండి. పురుడు జరిగేటప్పుడు పైన కాగితాలు వెయ్యండి, తడిసినవి తీసేస్తూ ఉండవచ్చు. అంతా అయ్యాక కాగితాలు తీసి గరుకు గుడ్డ వేయండి, కాగితం మీద పిల్లల కాళ్లు జారతాయి. గోడకు నాలుగు అంగుళాల దూరంలో, అదే ఎత్తులో కర్ర అడ్డంగా బిగిస్తే తల్లి గోడకు ఆనుకుని పడుకున్నా పిల్ల ఇరుక్కోదు.

రేగుపండు (అనంతపురం), 9:30

సులువుగా ఈనాలని మా ఊళ్లో ఆముదం పట్టిస్తారు. పనిచేస్తుందా?

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 9:44

వద్దు. విరేచనాలై నీరసపడుతుంది, అంతే. ఇంకో మాట కూడా ఇక్కడే చెబుతాను. పాలు చేపడానికి గేదెలకు పొడిచే ఆక్సిటోసిన్ సూది కొన్ని ఇళ్లలో ఉంటుంది. నొప్పులు రావడానికి దాన్ని కుక్కకు వేసినవాళ్లను చూశాను. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భాశయం ఎంత బిగిసినా పిల్ల కదలదు. గర్భసంచి చిరిగిపోవచ్చు, మాయ ముందే ఊడి లోపలి పిల్లలన్నీ చనిపోవచ్చు. ఆ మందు ఎప్పుడు, ఎంత వెయ్యాలన్నది పరీక్ష చేశాక డాక్టరు తేల్చవలసిన విషయం.

నీలిగోరింట (కాకినాడ), నవంబరు 14, రాత్రి 7:35

నిన్న రాత్రి 100.2, ఈ ఉదయం 99.8, ఇప్పుడే చూస్తే 98.4! మళ్లీ పెట్టి చూశాను, అంతే. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మెట్ల కింద పెట్టెలోకి తనంతట తానే వెళ్లి కాగితాలు చింపుతోంది. సముద్రఘోష గారూ, మీరు చెప్పినట్టే పెట్టె అమర్చాం, ఆ రాత్రే అందులో పడుకుంది.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 7:50

మంచిది. ఇప్పుడు మొదటి దశ. రొప్పుతుంది, వణుకుతుంది, వాంతి కూడా చేసుకోవచ్చు. 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. మీరొక్కరే దగ్గర ఉండండి, ఇరుగుపొరుగును రానివ్వకండి. దగ్గర పెట్టుకోవలసినవి: శుభ్రమైన తుండుగుడ్డలు, మరిగించిన దారం, కత్తెర, పోవిడోన్ అయోడిన్, వంటింటి తూకం, గడియారం, కాగితం, కలం. రాత్రి పిలిస్తే వచ్చే ఆటో నంబరు, రాత్రి పలికే డాక్టరు నంబరు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వివరాలు చెబుతారు, కానీ అర్ధరాత్రికి దాని మీదే ఆధారపడకండి.

ఎప్పుడు ఆసుపత్రికి కదలాలో చెబుతాను, కాగితం మీద రాసి గోడకు అంటించండి. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే. లోపల పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలైనా తర్వాతది రాకపోతే. మొదటి పిల్ల పుట్టకముందే ముదురు ఆకుపచ్చ ద్రవం కనిపిస్తే. మాయ గర్భాశయం నుంచి విడిపోయినప్పుడు ఆ రంగు వస్తుంది. మొదటి పిల్ల తర్వాత ఆ రంగు కనిపించడం మామూలే. పిల్ల తోకవైపు నుంచి వస్తే భయపడకండి, కుక్కల్లో సుమారు నూటికి నలభై అలాగే పుడతాయి.

ఓరుగల్లు_వాన (హనుమకొండ), 8:10

అక్కా, ఈ రాత్రి నేను మేలుకునే ఉంటాను. రాస్తూ ఉండండి.

నీలిగోరింట (కాకినాడ), నవంబరు 15, తెల్లవారుజాము 3:18

3:10కి మొదటి పిల్ల. నల్లది, ఆడది. సంచి తనే చింపి బొడ్డు కొరికింది. నా చేతులు వణుకుతున్నాయి. నేను దేన్నీ ముట్టుకోలేదు.

ఓరుగల్లు_వాన, 3:20

ముట్టుకోకపోవడమే మంచిది. మాయ పడిందా? ప్రతి పిల్లకూ ఒకటి, లెక్క రాయండి. తల్లి తినేస్తే తిననివ్వండి.

నీలిగోరింట, 4:31

3:50కి రెండోది, 4:25కి మూడోది. రెండూ గోధుమరంగు. మూడు మాయలు. మూడూ పాలు పట్టుకున్నాయి.

నీలిగోరింట, 5:52

నాలుగోది 5:40కి వచ్చింది. మంగ అలసిపోయి సంచి చింపలేదు. నేనే వేళ్లతో చింపాను. కదలిక లేదు, ఊపిరి లేదు. ముక్కూ నోరూ తుడిచి, తల కిందికి వంచి పట్టుకుని తుండుగుడ్డతో వీపు రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత ఒక చిన్న ఎగశ్వాస, ఇంకొకటి, ఆ తర్వాత ఏడుపు. నేనూ ఏడ్చాను. బొడ్డు తాడును పొట్టకు అంగుళం దూరంలో దారంతో కట్టి కత్తిరించి, అయోడిన్ అద్దాను.

సముద్రఘోష (విశాఖపట్నం), 6:02

చాలా బాగా చేశారు. పిల్లను పట్టుకుని గాలిలో విసిరి ఊపమని కొందరు చెబుతారు, అలా ఎప్పుడూ చేయకండి. మెదడుకు దెబ్బ తగులుతుంది. మీరు చేసినట్టు రుద్దడమే సరైనది. వేడి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పిల్లను దాని పక్కన పెట్టండి, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలకు పట్టండి. చల్లబడిన పిల్లకు పాలు అరగవు.

నీలిగోరింట, 6:20

6:15కి అయిదోది. మంగ నీళ్లు తాగి కళ్లు మూసుకుంది. ఇంకొకటి ఉంది.

నీలిగోరింట, 8:26

రెండు గంటలు దాటింది. ఆరోది రాలేదు. ఇప్పుడే మళ్లీ గట్టిగా ముక్కడం మొదలుపెట్టింది.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 8:29

ఇక ఎదురుచూడకండి. ఆటో పిలవండి. పిల్లల్ని అట్టపెట్టెలో వేడి సీసాతో మీతోపాటే తీసుకెళ్లండి, తల్లికి కనిపించేలా పెట్టండి. మీరు రాసిన కాగితం డాక్టరుకు చూపించండి, వేళలన్నీ అందులోనే ఉన్నాయి.

నీలిగోరింట (కాకినాడ), మధ్యాహ్నం 1:40

ఇప్పుడే ఇంటికి వచ్చాం. ఆరోది పెద్ద పిల్ల, తల పక్కకు మడిచి ఇరుక్కుంది. డాక్టరమ్మ జెల్లీ రాసి వేళ్లతో సరిచేసి తీశారు. బతకలేదు. మంగ దాన్ని చాలాసేపు నాకింది. ఆవిడ తొందరపడి తీసుకోలేదు, అదే వదిలేదాకా ఆగారు. పెరట్లో పారిజాతం చెట్టు కింద పూడ్చాం.

ఇంకా ఆలస్యం చేసి ఉంటే మంగ కూడా దక్కేది కాదన్నారు. ఆ కాగితం చూసి, ఇంత స్పష్టంగా రాసినవాళ్లు అరుదని కూడా అన్నారు. అందులో రాసిందంతా మీరందరూ చెప్పిందే.

కొబ్బరితోట (అమలాపురం), 2:05

తల్లి దక్కింది, అయిదు దక్కాయి. మీరు కొంచెం తిని పడుకోండమ్మా.

పాత_స్టెతస్కోపు (తిరుపతి), సాయంత్రం 5:15

ఆ పిల్ల విషయంలో మీ తప్పు లేదు. తల మడిచిన పిల్లను ఇంట్లో ఎవరూ తీయలేరు.

ఇక ముందు సంగతి. తొలి వారం పిల్లలున్న మూల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలి. ఒక మూలకే బల్బు వేలాడదీయండి, వేడి ఎక్కువైతే తల్లీ పిల్లలూ రెండో మూలకు జరుగుతారు. పిల్లలు కుప్పగా ఒకదానిమీద ఒకటి పడుకుంటే చలేస్తోందని, విడివిడిగా రొప్పుతూ ఉంటే ఉక్కపోస్తోందని అర్థం. తొలి రోజే ముర్రుపాలు అందాలి, రోగాలను అడ్డుకునే శక్తి దానివల్లే వస్తుంది. రోజూ ఒకే వేళకు తూచండి. తొలిరోజు కాస్త తగ్గవచ్చు, తర్వాత ప్రతిరోజూ పెరగాలి. పది రోజులకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఏడవకుండా ఒక పక్కన పడి ఉన్న పిల్లను ముందు చూడండి, గట్టిగా ఏడ్చేదానికి కనీసం బలం ఉంది.

తల్లికి రెండు పూటలా జ్వరం చూడండి. చన్నుల్లో ఏదైనా గట్టిపడి వేడిగా ఉందేమో తడమండి. ఎర్రటి, గోధుమరంగు స్రావం కొన్ని వారాలు ఉంటుంది. దుర్వాసన వస్తే మాత్రం ఆగకండి. తిండి రెట్టింపు కావాలి, మూడో వారానికి అంతకంటే ఎక్కువే తింటుంది.

తెల్లబొచ్చు (విజయవాడ), 5:40

రొప్పడం, వణుకు, బిగుసుకున్న నడక. ఈ మూడింటిలో ఏది కనిపించినా పిల్లల్ని వెంటనే వేరు చేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. నాలుగు వారాలు గడిచేదాకా మరిచిపోకండి.

నీలిగోరింట (కాకినాడ), నవంబరు 29, రాత్రి 9:10

పద్నాలుగో రోజు. నాలుగు పిల్లలకు కళ్లు తెరుచుకున్నాయి. ఊపిరి లేకుండా పుట్టినదానికి ఈ సాయంత్రం ఒక కన్ను తెరుచుకుంది. అది పుట్టినప్పుడు 260 గ్రాములు, ఈరోజు 590. పెద్దది 740. ఈరోజే అందరికీ నులిపురుగుల మందు వేయించాం. పురుగులు తల్లి కడుపులోనే పిల్లలకు సోకుతాయని డాక్టరమ్మ చెప్పారు, మళ్లీ రెండు వారాలకు రమ్మన్నారు. మంగ ఇప్పుడు మా వంటింటి గడప దాకా వచ్చి గిన్నె కోసం నిలబడుతోంది.

ఒక ప్రశ్న మిగిలింది. పిల్లలు పాలు మానాక మంగకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలనుకుంటున్నాం. ఎప్పుడు?

పాత_స్టెతస్కోపు (తిరుపతి), 9:35

నాలుగో వారం నుంచి పిల్లలకు మెత్తటి తిండి అలవాటు చేయండి. ఏడెనిమిది వారాలకు పాలు పూర్తిగా మానతాయి. ఆ తర్వాత రెండు వారాలు ఆగితే పొదుగు ఇంకిపోతుంది, కోతకు వీలుగా ఉంటుంది. అంటే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. అదే రోజు రేబిస్ టీకా కూడా వేయించండి. పిల్లలకు మూడు నెలలు నిండాక ఆ టీకా వేస్తారు.

సముద్రఘోష (విశాఖపట్నం), 9:52

కాకినాడలో పిల్లలను పెంచుకోవడానికి ఇద్దరు స్నేహితులు ఇప్పటికే అడుగుతున్నారు. ఎనిమిది వారాలకు ముందు ఇవ్వనని చెప్పాను. ఆ ఒంటికన్ను బంగారాన్ని ఎవరికైనా ఇస్తారా, ఉంచుకుంటారా?

నీలిగోరింట (కాకినాడ), 9:58

ఉంచుకుంటున్నాం. మావారు దానికి అప్పుడే పేరు కూడా పెట్టేశారు: ఊపిరి.